యాభై దగ్గర నాలుగు లెన్సులు

మా ఆయన ఆ ఫోటోను కంప్యూటర్లో పెంచుతూ పెంచుతూ పోయి, పెళ్ళికూతురి కనురెప్ప దగ్గర ఆగి, "అబ్బా" అన్నాడు.

గట్టిగా అనలేదు. ఎవరో వినాలనీ అనలేదు. ఆకలి మీదున్న మనిషికి మొదటి ముద్ద నోట్లో పడగానే వచ్చినట్టు, తనకు తెలియకుండానే వచ్చింది. నేను చిన్నోణ్ణి చంకనేసుకుని, ఇడ్లీల పళ్ళెం పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. ఆ మాట చెవిన పడగానే చిన్నోణ్ణి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. చిన్నోడికి జ్వరం వచ్చే ముందు వాడి పాదాలు చల్లబడతాయి. అవి చేతికి తగిలినప్పుడు కూడా ఇట్లాగే పట్టుకుంటాను. ఇంకా ఏమీ జరగలేదు, కానీ ఏదో రాబోతోందని ఒంటికి ముందే తెలిసిపోతుంది.

ఎందుకంటే ఆ "అబ్బా" నాది. పెళ్ళైన కొత్తలో నేను తీసిన ఫోటోలు చూసి ఆయన అట్లా అనేవాడు. వేరే ఎవరి ఫోటో చూసీ అట్లా అనగా నేను వినలేదు. తన ఫోటోలు చూసుకుని కూడా అనడు.

ఇది నేను తీసింది కాదు. తిరుపతిలో ఒక కల్యాణమండపం గది. తెల్లవారుజాము. సగం అలంకారంతో కూర్చున్న పెళ్ళికూతురు స్టీలు గ్లాసులో కాఫీని ఊదుకుంటోంది. ఆవిరి కళ్ళ మీదికి లేస్తోంది. రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. ఒకదాని కొసన కాటుక ఆవగింజలో సగమంత ఉండకట్టి ఉంది. అది కూడా కనిపిస్తోంది.

"పూతలపట్టు పిల్ల తీసింది," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "సూడు, ఎట్లుండాదో. కత్తి."

"బాగుంది. ఇడ్లీ చల్లారిపోతాది, తిను," అన్నాను.

చిత్తూరులో మాది చిన్న స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు. మా ఆయన నాకు మేనత్త కొడుకు. బావా అని పిలవడం పెళ్ళికి ముందునుంచే అలవాటు. నేను తిరుపతిలో డిగ్రీ చదివి వచ్చాను. కెమెరా పట్టుకోవడం ఆయనే నేర్పాడు. ఏడాది తిరిగేసరికి పెళ్ళికూతురి గది నాదైంది. మా వైపు పెళ్ళికూతురిని తయారుచేసే గదిలోకి మగ ఫోటోగ్రాఫర్‌ను పోనివ్వరు. పోనిచ్చినా గుమ్మంలో నిలబెట్టి, రెండు ఫోటోలు తీయించి పంపేస్తారు. ఆడమనిషి కెమెరా పట్టుకుని వస్తే మాత్రం "రామ్మా, కూర్చో, కాఫీ తాగినావా" అంటారు. నాలుగు నిమిషాల్లో మనం అక్కడ ఉన్న సంగతే మరిచిపోతారు. మంచి ఫోటోలన్నీ ఆ మరిచిపోయిన తర్వాతే వస్తాయి.

ఆ గదుల్లో ట్యూబులైటు తప్ప వెలుగుండదు. ఫ్లాషు వేస్తే అందరూ సర్దుకుని కూర్చుంటారు. అందుకని అక్కడికి ఫిఫ్టీ లెన్సు కావాలి. యాభై మిల్లీమీటర్లది. జూమ్ ఉండదు, దగ్గరికి కావాలంటే మన కాళ్ళే నడవాలి. కానీ దాని కన్ను పెద్దగా తెరుచుకుంటుంది, తక్కువ వెలుగు కూడా చాలుతుంది. నా ఫిఫ్టీ పాతది, ప్లాస్టిక్ ఒళ్ళు. పైన రబ్బరు కూడా అరిగిపోయింది.

దాన్ని నేను బీరువాలో పెట్టి ఏడాదిన్నర దాటింది. చిన్నోడికి ఏడాది నిండకముందు, నేను తిరుపతిలో ముహూర్తం పని మీద ఉన్నప్పుడు, ఇక్కడ ఇంట్లో వాడికి జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి. అత్త ఒక్కతే వాణ్ణి ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి పోయింది. నా ఫోను సైలెంట్‌లో పెట్టి ఉంది. డాక్టరు తర్వాత, "ఈ వయసులో కొందరికి జ్వరానికి వస్తాయమ్మా, పెరిగితే పోతాయి" అన్నాడు. అయినా ఆ రోజు ఫోనులో అత్తవి వరసగా కనిపించిన మిస్డ్ కాల్స్ నా కళ్ళ ముందునుంచి పోలేదు. నేను పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. ఎవరూ మానమనలేదు. "ఒగసారి వస్తే ప్రతిసారీ వస్తాదా ఏమి, పోవే" అని అత్తే రెండు మూడు సార్లు అంది. నేనే పోలేదు.

అట్లా ఖాళీ అయిన గదిలోకి పూతలపట్టు పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. మొదటిరోజు బస్సు దిగి వచ్చినప్పుడు ఆమె సంచిలో తువ్వాలు చుట్టిన ఒక లెన్సుంది, కొత్త ఫిఫ్టీ. అంతే.

"కెమెరా యాడుండాదిమ్మా?" అని మా ఆయన అడిగాడు.

"కెమెరా లేదన్నా. ముందు లెన్సు కొనుక్కున్నా. కెమెరా స్టూడియోలో ఎట్లాగూ ఉంటాది కదా అని."

అత్త పైకి వచ్చి, "ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట," అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి ఆ పిల్ల మీద నాకేమీ లేదు. మధ్యాహ్నం ఉంటే అన్నం పెట్టేదాన్ని. అక్కా అక్కా అని నా వెనకే తిరిగేది. అద్దం ముందు తీసేటప్పుడు మనం అందులో పడకుండా ఎక్కడ నిలబడాలో, ముసలివాళ్ళు ఉన్న గదిలో ముందు ఎవరికి దండం పెట్టాలో, అన్నీ నేనే చెప్పి పంపించాను.

ఇది ఎవరైనా చదివితే మా ఆయనకూ ఆ పిల్లకూ మధ్య ఏదో ఉందని నేను అనుమానించానని అనుకోవచ్చు. అది కాదు. అదే అయితే నాకు దారి తెలుసు. ఏడుస్తాను, అత్తకు చెప్తాను, ఆమె కొడుకు తాట తీస్తుంది. ఈ కుళ్ళుకు చెప్పుకునే మనిషి లేరు. ఒక పిల్ల ఫోటో నా ఫోటోకన్నా బాగుంది. దాన్ని తీసుకుపోయి ఎవరితో పంచాయతీ పెట్టను?

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ మామూలుగా అడిగినట్టు అడిగాను. "ఆ కాఫీ ఫోటో ఆ పిల్ల లెన్సుతోనే కదా తీసింది బావా?"

"ఊ."

"అది కొత్తది కదా. లెన్సు మంచిదైతే ఎవరు తీసినా అట్లే వస్తాది."

"ఫిఫ్టీ ఏదైనా ఒకటే మే. సెయ్యి ముఖ్యం."

"ఒకటే ఎట్లవుతాది? నాది అరిగిపోయిన ప్లాస్టిక్‌ది. దానిదీ నాదీ ఒకటా?"

"అయితే పెట్టి సూద్దాం," అన్నాడు. ఆయనకు ఇట్లాంటివంటే పండగ. "మన దగ్గర యాభైకి వచ్చేవి నాలుగుండాయి. ఆదివారం మిద్దె మీద పెట్టి సూద్దాం."

ఒప్పుకున్నాను. ఆ పిల్ల లెన్సు గెలవాలని నేను కోరుకున్నాను. అది గెలిస్తే కాఫీ ఫోటో గొప్పతనం గాజుది అవుతుంది, చేతిది కాదు.

ఆదివారం పొద్దున మిద్దె మీద మెట్లగది గోడకు ఆయన ఒక క్యాలెండరు కాగితం అంటించాడు. నగల అంగడి వాళ్ళు పంచిన పంచాంగం క్యాలెండరు. లెన్సు ఎంత స్పష్టంగా చూస్తుందో తెలుసుకోవడానికి బయట ఏవేవో చార్టులు అమ్ముతారట. మాకు మొదటినుంచీ ఇదే చార్టు. ఒక్కో తేదీ గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, చీమల బారులంత చిన్న అక్షరాలతో కిక్కిరిసి ఉంటాయి. లెన్సు మంచిదైతే మూలగడిలోని వర్జ్యం కూడా చదవొచ్చు. కాకపోతే మధ్యలో చదవొచ్చు, మూలల్లో అలికినట్టుంటుంది.

స్టాండు మీద ఒకే కెమెరా, పెళ్ళికూతురి గదికి వాడేది. లెన్సులే మారాలి, కెమెరా మారితే అది పోలిక కాదు. నా పాత ఫిఫ్టీ, స్టూడియోలో ఉన్న బరువైన ఫిఫ్టీ, ఆ పిల్ల స్టూడియోలోనే పెట్టిపోయే కొత్తది, నాలుగోది పెద్ద జూమ్, దాన్ని గీత మీద సరిగ్గా యాభై దగ్గర ఆపి. చిన్నోడు పిట్టగోడ దగ్గరికి పోకుండా వాడి నడుముకు నా చున్నీ కట్టి కొస నా చేతికి చుట్టుకున్నాను. అత్త చూసి, "దూడకు కట్టినట్టు కట్టినావే పిల్లోణ్ణి," అంది.

మొదలుపెట్టే ముందు ఆయన ఇంకో పని చేశాడు. తర్వాత జరిగినదంతా దీనిమీదే ఆధారపడింది కాబట్టి కొంచెం చెప్పాలి. ప్రతి లెన్సుకూ కెమెరాకూ మధ్య పిసరంత తేడా ఉంటుంది. కంటి మీద ఫోకస్ పెడితే ముక్కు మీద పడొచ్చు, చెవి మీద పడొచ్చు. దాన్ని సరిచేయడానికి మా కెమెరాలో ఒక పట్టిక ఉంది. ఒక్కో లెన్సుకు ఒక్కో అంకె. లెన్సు తగిలించగానే దాని అంకె గుర్తుపెట్టుకుని కెమెరా సర్దుకుంటుంది. ఆయన మా పెద్ద కూతురి స్కూలు స్కేలును ఏటవాలుగా నిలబెట్టి, మూడు ఫిఫ్టీలకూ అంకెలు సరిచేశాడు. పూతలపట్టు పిల్ల లెన్సుకు రెండు దగ్గర సరిపోయింది.

ఆ తర్వాత ఒక్కో లెన్సుతో, కన్ను పూర్తిగా తెరిచి ఒకటి, కొంచెం మూసి ఒకటి, ఇంకా మూసి ఒకటి. చెయ్యి తగలకుండా టైమరు మీద తీశాడు. అన్నీ కంప్యూటర్లో వేసి, ఏది ఏ లెన్సుదో చెప్పకుండా, వాటి పేర్లు తీసేసి అంకెలు పెట్టాడు. తీర్పు చెప్పడానికి అత్తను కూర్చోబెట్టాడు. రోజూ పొద్దున వర్జ్యం చూడనిదే గడప దాటని మనిషి.

"అమ్మా, ఈ మూలగడిలో ఏముండాదో సదువు."

అత్త కళ్ళజోడు సర్దుకుంది. "ఒకటోదాంట్లో ఏముండాది రా, పేడ పూసినట్టుండాది. రెండోది... వర్జ్యం సాయంత్రం నాలుగు... ముప్పావు. ఆ, సదవొచ్చు. మూడోదీ అంతే. నాలుగోది కొంచెం మసక, కానీ అర్థమవతాది."

"మధ్యలో?"

"మధ్యలో అన్నీ ఒకటే కదరా. దేనికిరా నాయనా ఈ పరీక్ష? క్యాలెండరు దగ్గరికి పోయి సదువుకుంటే సరిపోదా?"

కన్ను పూర్తిగా తెరిచి తీసిన వాటిలో నాది ఒకటో నంబరు. పేడ పూసింది అదే. కొంచెం మూసి తీసిన వాటిలో నాదీ ఆ పిల్లదీ పక్కపక్కన పెడితే అత్త నాదే బాగుందని చెప్పింది. మధ్య గడుల్లో అక్షరాల అంచులు నాదాంట్లోనే ఎక్కువ గట్టిగా ఉన్నాయంది.

నా లెన్సు గెలుస్తుంటే నా ముఖం మాడిపోయింది.

"ఊరికే అట్లా కాదు," అన్నాను. "మొదటిది చూడు బావా, పూర్తిగా తెరిచింది. నాది పొగ పట్టినట్టుండాది. మూలలు చూడు, ఎంత గలీజుగా ఉండాయో."

ఆయన నావైపు తిరిగాడు. "ఏమే, నీ లెన్సును నువ్వే తిడతాండావు?"

"ఉన్న మాట చెప్తున్నా."

"ఉన్న మాట నేను చెప్తా విను." ఆయన కాఫీ ఫోటో తెరిచి, దాని పక్కన వచ్చే వివరాలు చూపించాడు. "ఇది పూర్తిగా తెరిచి తీయలేదు, కన్ను కొంచెం మూసి ఫోర్‌లో తీసింది. ఫోర్‌లో నీదీ దానిదీ ఒకటే, అమ్మ కూడా చెప్పింది కదా. పైగా ఆ వెలుగులో, స్టాండు లేకుండా. మోచేతులు కడుపుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, పెండ్లికూతురు కాఫీ ఊదేదాకా కాచుకుని తీసింది. లెన్సు కాదు మే."

ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఫోటోల సంగతి వచ్చినప్పుడు ఆయనకు ఎదుటిమనిషి ముఖం కనిపించదు. ఆ మాటను నేను ఇప్పటికీ, పిల్లలు పడుకున్నాక ఈ వంటింటి బల్ల మీద రాస్తున్నప్పుడు కూడా, తేలిగ్గా రాయలేకపోతున్నాను. లెన్సు కాదు. అంటే ఇంకేముంది? నా లెన్సు నా చేతిలో ఉండి కూడా నేను ఆ ఫోటో తీయలేనని, ఆ పిల్ల నా అరిగిపోయిన లెన్సుతో కూడా తీయగలదని. నేనే పెట్టించిన పరీక్షలో నేనే సాక్ష్యం ఇచ్చుకున్నాను.

బుధవారం తిరుపతిలో పెళ్ళి ఉంది. సామాన్లు సర్దడం నా పని. ఆయన గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అత్త చిన్నోడికి స్నానం చేయిస్తోంది, వాడి ఏడుపు కిందికి వినిపిస్తోంది. నేను ఆ పిల్ల లెన్సును కెమెరాకు తగిలించి, ఆ పట్టిక తెరిచాను. రెండు ఉన్నచోట మైనస్ పన్నెండు పెట్టాను. కెమెరా ఆపి, సంచిలో పెట్టి, జిప్పు లాగాను.

నిమిషం కూడా పట్టలేదు. కోపంలో చేశానని చెప్పుకోవడానికి లేదు. చేతులు చల్లగా ఉన్నాయి. ఎంత పెడితే చిన్న తెర మీద తేడా తెలియదో, పెద్ద తెర మీద తెలుస్తుందో లెక్క వేసుకుని మరీ పెట్టాను. ఆ పిల్ల ఒక్కసారి తప్పు చేస్తే చాలు అనుకున్నాను. ఒక్క పెళ్ళి. అందరూ ఎప్పుడో ఒకసారి చెడగొడతారు, నేను చెడగొట్టలేదా?

ఆ గదిలో ఆ పొద్దున కూర్చున్న పెళ్ళికూతురు నా లెక్కలో లేదు. ఆమె అమ్మ కూడా లేదు.

పెళ్ళి మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోటోలు కంప్యూటర్లో వేశాడు. ఆ పిల్ల పక్కన కుర్చీలో కూర్చుంది. నేను వంటింట్లోనే ఉండొచ్చు. కానీ నీళ్ళు తీసుకుని కిందికి పోయాను. పెద్దది కూడా నా వెనకే వచ్చింది. స్కూలు లేదు ఆ రోజు.

మండపం మీద ఆయన తీసినవి బాగున్నాయి. గదిలోవి ఒక్కొక్కటీ పెంచుతూ పోయాడు. పెళ్ళికూతురి ముక్కుపుడకలో రాయి తళతళమని ఉంది. దాని వెనక కళ్ళు రెండూ నీళ్ళలో నుంచి చూసినట్టున్నాయి. తర్వాతదీ అంతే. దాని తర్వాతదీ అంతే. తల్లి కూతురి నుదుటికి బాసికం కడుతున్న ఫోటో దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. ముందుకు చాచిన తల్లి చేతి గాజులు స్పష్టంగా ఉన్నాయి. వాటి వెనక ఇద్దరి ముఖాలూ లేవు.

"ఏమైందిమ్మా నీకు?" అన్నాడు.

"కంటి మీదే పెట్టినానన్నా. మా అమ్మ తోడు. చిన్న తెరలో బాగానే కనపడింది."

"బాగుంటే ఇట్లెందుకుంటాది? ఒగటి కాదు, రెండు కాదు. గదిలోవన్నీ పోయినాయి. పెండ్లికూతురమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది, బాసికం ఫోటో ముందు పంపించు బాబూ అని. ఏం పంపించేది ఆమెకు?"

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆ పిల్ల తెర దగ్గరికి వంగి, ఒక కన్ను మూసి చూసింది, తర్వాత ఇంకో కన్ను మూసి చూసింది. ఎందుకట్లా చేస్తోందో నాకు అర్థం కాలేదు.

"నా కండ్లే పోతాండాయేమో అన్నా," అంది. "మా నాయనకూ సిన్న వయసులోనే సూపు తగ్గిపోయింది. ఇప్పుడు మనిషిని గొంతు బట్టి గుర్తుపడతాడు. నాకూ వస్తాదేమో అని మా అమ్మ ఎప్పుడూ అంటా ఉంటాది."

నాకు మొదట కలిగింది సంతోషమే. అబద్ధం రాయను. ఆ పిల్ల "నా కండ్లే" అన్న క్షణంలో ఛాతీ మీదినుంచి బరువు దిగినట్టయింది. వాళ్ళ నాయన మాట ఆ తర్వాత వచ్చింది. అది విన్నాక చేతిలో నీళ్ళ గ్లాసు ఎవరికివ్వాలో తెలియక కాసేపు అట్లే నిలబడ్డాను.

ఆమె లేచి లెన్సును తువ్వాల్లో చుట్టి నా చేతిలో పెట్టింది. "మీరే వాడుకోండక్కా. మీరే పోండి పెండ్లిళ్ళకు. ముందు మీరే కదా పోతాండింది."

"అట్లా అనొద్దు పాపా," అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెప్పులేసుకుని బస్టాండు వైపు పోయింది.

"అమ్మా, అక్క ఎందుకు ఏడస్తాంది?" అని పెద్దది అడిగింది.

"ఫోటోలు తీయడం చేతకాలేదు ఆమెకు."

"కండ్లు కనపడవా?"

"ఏమో. అట్లే ఉండాది."

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "వచ్చే వారం కాణిపాకం దగ్గర పెండ్లి ఉండాది, నువ్వొస్తావా?" అన్నాడు. చాలా నెమ్మదిగా అడిగాడు, బెదిరిన ఆవును పిలిచినట్టు. "చిన్నోణ్ణి కూడా తీసుకుపోదాం. అమ్మ వస్తాది. నీ పక్కనే ఉంటాడు." అత్త పప్పు వడ్డిస్తూ తల ఊపింది. ఏడాదిన్నరగా నాకు కావలసిందంతా నా పళ్ళెం పక్కనే పెట్టారు. "చూద్దాం" అన్నాను.

పిల్లల మధ్య పడుకున్నాను. చిన్నోడి నుదురు చల్లగానే ఉంది, అయినా మూడుసార్లు చూశాను. పూతలపట్టులో ఆ పిల్ల ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుందో నాకు తెలుసు. ఒక కన్ను మూసి గోడ మీది ఏదో చదువుతూ ఉంటుంది. తర్వాత ఇంకో కన్ను. బిడ్డకు ఏదో వస్తుందని భయపడుతూ రాత్రుళ్ళు కూర్చోవడం నాకు బాగా తెలుసు. ఆ ఇంట్లో ఒక తల్లికి ఆ రాత్రిని నేనే పంపించాను. అక్కడ నిజంగా జబ్బు కూడా లేదు.

కిందికి పోయి లైటు వేశాను. కెమెరా తీసి, ఆమె లెన్సు తగిలించి, పట్టిక తెరిచాను. మైనస్ పన్నెండు. దాన్ని మళ్ళీ రెండు చేస్తే పని అయిపోతుంది. వచ్చే పెళ్ళిలో అన్నీ సరిగ్గా వస్తాయి, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. బొటనవేలు మీట మీదే ఉంది. కానీ ఆ అంకె చెరిపేస్తే ఆ పిల్ల కళ్ళు బాగున్నాయని చెప్పే సాక్ష్యం ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు. నేను నోటితో చెప్పాలి, నోటితో చెప్పే ధైర్యం రేపటికి ఉంటుందో లేదో నాకే నమ్మకం లేదు.

పైకి పోయి ఆయన్ను లేపాను. "బావా, ఒకసారి కిందికి రా." చిన్నోడికేమో అయిందనుకుని ఆయన లుంగీ సర్దుకుంటూ పరుగున దిగాడు. కెమెరా చేతిలో పెట్టాను. తెర చూశాడు. అర్థం కావడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"ఇది రెండు కదా పెట్టింది నేను."

"నేనే మార్చినాను."

"ఎందుకే?"

"ఆ పిల్ల ఫోటో బాగుండినందుకు."

ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. కెమెరాను ఒళ్ళో పెట్టుకుని దాని మీద చెయ్యి వేసి ఉంచాడు, దెబ్బ తగిలిన జంతువు మీద వేసినట్టు.

"తిట్టు బావా."

"తిట్టి ఏం చెయ్యను? ఆ తల్లి మళ్ళీ బాసికం కడతాదా?" కెమెరా ఆపి, "నేను ఆ పిల్లను బిడ్డ ముందర అడిగినాను ఏమైంది నీకని. నిన్ను అడగాల్సిన మాట," అన్నాడు.

"నేను పోయి చెప్తాను."

"నువ్వే చెప్పాల. ఆ పిల్లకూ చెప్పాల, పెండ్లికూతురమ్మకూ చెప్పాల. నేను నీ తరఫున ఒక్క మాట మాట్లాడను." తర్వాత తలెత్తి, "నీకు కావాలంటే నన్ను అడిగుంటే ఏమయ్యేది? వస్తానని ఒక మాట చెప్పింటే ఏమయ్యేది?" అన్నాడు. అడగడానికి భయపడ్డాను. ఇప్పటికీ దానికన్నా పెద్ద జవాబు దొరకలేదు. ఆయన ఆ రాత్రి స్టూడియోలోనే బల్ల మీద పడుకున్నాడు.

పొద్దున నేను స్నానం చేసి బయటికి పోయే చీర కట్టుకుని, పిల్లలకు ఉప్మా పెట్టాను. అత్తకు ఎంతవరకు తెలుసో తెలియదు. ఏమీ అడగకుండా చిన్నోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పెద్దది నా చీర చూసి, "యాడికి పోతాండావు? పెండ్లికా?" అని అడిగింది.

నేను వాళ్ళ ముందు నేల మీద కూర్చున్నాను.

"పూతలపట్టుకు. నిన్న నేను నీకు అబద్ధం చెప్పినాను. ఆ అక్కకు ఫోటోలు బాగా వస్తాయి, నాకన్నా బాగా వస్తాయి. ఆమె కండ్లు మన అందరి కండ్ల మాదిరే ఉండాయి. ఆమె ఫోటో బాగుందని నాకు కుళ్ళు పుట్టి, ఆమె వాడే కెమెరాను నేనే చెడిపినాను. ఇప్పుడు పోయి ఆమెకూ వాళ్ళమ్మకూ ఆ మాట చెప్తాను. మీ నాయన కెమెరాను సరిచూసుకున్నట్టు మీరు కూడా నన్ను కొంచెం సరిచూసుకోవాల, నేను చెప్పిందంతా నిజమని అనుకోకూడదు."

చిన్నోడికి ఏమీ అర్థం కాలేదు, చెంచాతో పళ్ళెం కొడుతున్నాడు. పెద్దది ముద్ద మింగకుండా నన్నే చూస్తూ ఉంది.

"ఆ అక్క నిన్ను కొడతాదా?"

"కొట్టొచ్చు," అన్నాను. "కొడితే కొట్టించుకుంటాను. నువ్వు తినేసి, తమ్ముడి ఒళ్ళు వెచ్చగా ఉంటే అవ్వకు చెప్పు."